నూతన పరిచారిక - అనుభవ పరిపాకము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



ఒక పల్లెలో ఇరువదియైదు సంవత్సరములపాటు గ్రంథాలయము తలుపులు మూయకుండ నిలుచుట సామాన్య విషయము కాదు. పుస్తకమును పాఠకుని చేతికందించుటతో గ్రంథాలయముయొక్క ధర్మము నెరవేరినది. కాని పుస్తకములోని విషయము పాఠకుని చేతలలోనికి దిగుటకు మరియొక బడి కావలెను. ఆ బడికి అనుభవమని పేరు. వ్యవసాయము నేర్చినవానికిని, మగ్గమునకు కూర్చుండినవానికిని ఈ మాట క్రొత్తది కాదు. అయితే ప్రాణములతో వ్యవహరించు వృత్తిలో ఈ సత్యము ఎంత తీవ్రముగా పనిచేయునో తెలిసికొనుట అందరికిని అవసరము. అందుచేత నర్సువృత్తిలో నూతనముగా ప్రవేశించిన యువతి ధైర్యమును, వివేచనమును ఏ విధముగా సంపాదించుకొనునో ఈ ఉపన్యాసమున విచారింపబడుచున్నది.

ఇట్టి విషయము గ్రామ గ్రంథాలయ సభకు ఏల యని ఎవరికైన తోచవచ్చును. సమాధానము సులభము. నేడు నర్సు శిక్షణకు పోవుచున్న బాలికలలో ననేకులు పల్లెల బిడ్డలే. వారి చేతులలో పడుకొనవలసిన రోగులలోను పల్లెవారు తక్కువగా లేరు. రాత్రి రెండు గంటలవేళ వైద్యుడు ప్రతి మంచముకడను ఉండడు, నర్సు ఉండును. రోగి స్థితి మారుచున్నదని మొదట కనిపెట్టవలసినది ఆమె. ఆమె కనిపెట్టి పిలిచిననే వైద్యుని విద్య రోగికి ఉపయోగపడును. లేనిచో మేడమీద ఎంత ఘనుడైన వైద్యుడున్నను రోగికి లేనట్లే. ఆ నర్సుకు వయస్సు ఇరువది రెండు కావచ్చును. పట్టా చేతికి వచ్చి ఆరు మాసములు కాకపోవచ్చును. ఆమె ధైర్యమును, వివేకమును ఇతరుల ఇంటి విషయములు కావు. తన తల్లియో బిడ్డయో ఆ మంచముమీద నున్ననాడు ప్రతి గృహస్థునకును అవి స్వంత విషయములే.

ఆయుర్వేద గ్రంథములలో ప్రాచీనమైన చరక సంహిత సూత్రస్థానమునందు చికిత్సకు నాలుగు పాదములని చెప్పబడినది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి - ఇవియే ఆ నాలుగు. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. పరిచారకునకు చెప్పిన గుణములు ఉపచారజ్ఞత, దాక్ష్యము, అనురాగము, శౌచము. అనగా సేవచేయు విధము తెలియుట, నేర్పు, రోగియందు ప్రేమ, శుచి. ఈ నాలుగింటిలో అనురాగము హృదయమున పుట్టుచున్నది. శౌచము అలవాటుచే వచ్చుచున్నది. మిగిలిన రెండును పుస్తకముతో మొదలై రోగి మంచము ప్రక్కననే పరిపక్వమగును. అదే చోట వైద్యునకు చెప్పిన గుణములలో, పలుమారులు కర్మను కన్నులార చూచియుండుట యొకటి. పరిచారిక విషయమునను అది అంతే అవసరమని నేటి కాలపు విచారకులు నిరూపించియున్నారు.

అభ్యాసమునకు రోగిశరీరమే మొదటి పలక కారాదన్న సంగతియు పూర్వులకు తెలియును. సుశ్రుత సంహితలో శిష్యుడు మొదట గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై కోతను, తామరతూండ్లపై సిరావేధమును, మనుష్యాకృతిగా చేసిన బొమ్మపై కట్లు కట్టుటను అభ్యసింపవలెనని విధింపబడినది. నేటి నర్సు విద్యాలయములలో నిలువెత్తు బొమ్మపై సూదిమందు వేయుట, ఆగిన శ్వాసను నిలుపుట నేర్పుచున్నారు. ఇది ఆ పద్ధతికి సోదరియే. కాని బొమ్మకు భయము లేదు, బంధువులు లేరు, అర్ధరాత్రి హఠాత్తుగా చెమటలు పట్టవు. బొమ్మనుండి మనుష్యునికి వచ్చునప్పుడు నూతన పరిచారిక కాలు తడబడుట సహజము.

తిక్కన సోమయాజి విరాటపర్వమున ఉత్తరుని కథ తెలియనివారు ఈ సభలో నుండరు. అంతఃపురమున స్త్రీల నడుమ నుండి పలికినప్పుడు అతనికి కౌరవులు గడ్డిపరకలు. సారథి యొక్కడు దొరకిన చాలు, గోవులను మరలించెదనన్నాడు. తీరా సముద్రమువలె విస్తరించియున్న సేనను కన్నులార చూచునప్పటికి ఒడలు వణకినది. రథము దిగి పరుగెత్తినాడు. లోకము అతనిని చూచి నేటికిని నవ్వుచున్నది. కాని ఆ కథలో గమనింపవలసిన భాగము ఆ పిమ్మటిది. బృహన్నల అతనిని వెంటబడి పట్టుకొన్నది గాని ఇంటికి పొమ్మని త్రోసివేయలేదు. యుద్ధము నేను చేసెదను, నీవు పగ్గములు పట్టుమన్నది. భయపడిన చేతికి, ఆ చేతికి తగిన పని నిచ్చినది. ఆ రథముమీదనే, ఆ సేన నడుమనే, ప్రక్కన నొక సమర్థుడుండగా ఉత్తరుడు యుద్ధమనగా ఏమో తెలిసికొన్నాడు. ప్రగల్భము పోయినది, పిరికితనమును పోయినది, మిగిలినది ధైర్యము.

నూతన పరిచారిక మొదటి మాసములు ఈ కథకు భిన్నముగా నుండవు. పాఠశాలలో ఒక రోగికి చేయవలసిన సేవ అంతయు వరుసగా, తీరికగా చేయుట నేర్చినది. వార్డులో కాలు పెట్టగానే ఒకేసారి పది మంచములు ఆమెను పిలుచును. ఒకచోట సెలైను సీసా అయిపోవచ్చినది. వేరొకచోట రోగి వాంతి చేసికొనుచున్నాడు. తలుపుకడ బంధువులు నిలువదీయుచున్నారు. పెద్ద డాక్టరు కాగితములు తెమ్మనుచున్నాడు. ఏది ముందు, ఏది వెనుక? ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకమున పుటసంఖ్య లేదు. అమెరికా దేశమున మార్లీన్ క్రేమర్ అను విదుషి 1974లో ప్రకటించిన గ్రంథమున ఈ స్థితికి 'యథార్థపు తాకిడి' యను అర్థము వచ్చు పేరు పెట్టినది. బడిలో నేర్చిన ఆదర్శమునకు, వార్డులో కనబడు యథార్థమునకు నడుమ గల అంతరమే ఆ తాకిడికి మూలమని ఆమె వివరించినది. ఈ కాలమున కొందరు వృత్తినే వదలిపోవుదురు. కొందరు ఆదర్శమును వదలి, చెప్పినది మాత్రము చేసి కాలము గడుపుదురు. రెండును నష్టములే. రెండవది కంటికి కనబడని నష్టము.

ఈ దశ దాటిన పరిచారికలో ఎట్టి మార్పు కలుగును? దీనిని క్రమముగా పరిశీలించినది పట్రీషియా బెన్నర్. ఆమెయు అమెరికా దేశపు నర్సే. విమాన చోదకులును, చదరంగపు ఆటగాండ్రును నేర్పు సంపాదించు రీతిని విచారించిన డ్రైఫస్ సోదరుల సిద్ధాంతమును ఆమె నర్సుల పనికి అన్వయించి, 1984లో గ్రంథరూపమున ప్రకటించినది. అందు ఐదు మెట్లు చెప్పబడినవి. తెలుగున వానిని నవశిష్య, అభ్యాసి, సమర్థ, నిపుణ, సిద్ధహస్త అని చెప్పుకొనవచ్చును.

నవశిష్యకు సూత్రములే ఆధారము. నాడి ఇంత యుండవలెను, ఉష్ణము ఇంత యుండవలెను అని నేర్చినది నేర్చినట్లు చూచును. శిక్షణలోనున్న విద్యార్థిని ఈ మెట్టుమీద నుండును. అభ్యాసి కొందరు రోగులను చూచియున్నది; కొన్ని గురుతులు మరల కనబడినప్పుడు పోల్చుకొనగలదు, కాని వానిలో ఏది ముఖ్యమో తేల్చుకొనలేదు. పట్టా పుచ్చుకొని క్రొత్తగా వచ్చిన నర్సు సాధారణముగా ఇచ్చట నుండును. రెండు మూడు సంవత్సరములు ఒకే తీరు పనిలో నున్న పిమ్మట సమర్థయగును. పనులకు వరుస యేర్పరచుకొని, రాబోవు దానికి ముందుగనే సిద్ధపడును. నిపుణ రోగిని ముక్కలుగా గాక మొత్తముగా చూచును. ఎట్లుండవలసినవాడు అట్లు లేడని వెంటనే గ్రహించును. సిద్ధహస్తకు సూత్రములు లోపల జీర్ణించియుండును. అవసరము పడునప్పుడు తిన్నగా మూలమును పట్టుకొనును.

ఈ సిద్ధాంతములో గృహస్థులు గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. ఈ మెట్లు వయస్సునుబట్టి యేర్పడినవి కావు. ఇరువది సంవత్సరములు ప్రసవముల వార్డులో సిద్ధహస్తయైన నర్సును రేపు గుండెజబ్బుల వార్డునకు మార్చినచో, ఆమె అచ్చట చాలవరకు క్రొత్తదియే. కావున తెలియదని అడుగుట ఏ వయస్సునను సిగ్గుపడవలసిన పని కాదు.

ఈ భేదములు మాటలలో కంటె ఒక ఉదాహరణమున తేటపడును. ఒక వార్డును ఊహింపుడు. పగలు కడుపునకు శస్త్రచికిత్స జరిగిన యువకు డొకడు మంచముమీద నున్నాడు. రాత్రి పది గంటలకు నాడి 84, రక్తపుపోటు పైయంకె 118. పదకొండింటికి నాడి 96, పోటు 116. పండ్రెండింటికి నాడి 112, పోటు 114. యువకుడు కుదురుగా లేడు. ప్రక్క మార్చుచున్నాడు, దాహమనుచున్నాడు. క్రొత్త నర్సు పోటు చూచి, 114 అనగా బాగుగనే యున్నది కదా యని, నాడి వేగము నొప్పివలన కలిగినదని తలచును. ఆమె తలచిన దానిలో తప్పు లేదు. నొప్పివలనను నాడి పెరుగును. కాని అనుభవము గల నర్సు మూడు వరుసలను ఒకేమారు చూచును. అంకె యెంత యున్నదని కాక, ఎటు పోవుచున్నదని చూచును. చేయి పట్టి చూచును. చల్లగా, చెమటగా నున్నది. కనురెప్ప లోపలిభాగము చూచును, పాలిపోయినది. లోపల నెత్తురు కారుచున్నదేమోనని శంకించి తక్షణమే డాక్టరును పిలిపించును.

దీనికి కారణము శరీరధర్మమున నున్నది. నెత్తురు తగ్గుచున్నప్పుడు దేహము రక్తనాళములను బిగించి, గుండెను వేగిరపరచి, పోటును నిలుపుకొనుటకు ప్రయత్నించును. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి ముప్పాతిక లీటరునుండి లీటరున్నర వరకు నెత్తురు పోయినను పైయంకె కొంతకాలము సరిగానే కనబడవచ్చును. పోటు పడిపోవు వరకు వేచియున్నచో కాలము మించిపోవును. చెరువుగట్టు తెగిన తరువాత కనబడు నీటికన్న, గట్టు అడుగున ఊరుచున్న తేమను చూచి మేల్కొనువాడే మంచి నీరుకట్టు. ఈ విషయము పాఠ్యపుస్తకమున వ్రాయబడియే యున్నది. క్రొత్త నర్సు దానిని చదివియే యున్నది. అయినను చదివినది, ఎదుట కనబడుచున్నది ఒకటేనని ఆ క్షణమున తోచుటకు ఆ చల్లని చేతిని ఒకమారు పట్టుకొని యుండవలెను.

అట్లయిన కాలము గడచిన కొలది అందరును సిద్ధహస్తలే కావలెను గదా! కాని అట్లు జరుగుట లేదు. ఇరువది సంవత్సరముల అనుభవము గలవారును, ఒకే సంవత్సరపు అనుభవమును ఇరువదిమారులు గడిపినవారును వేరు వేరు. భేద మెచ్చట నున్నది? క్రిస్టీన్ టానర్ అను పండితురాలు 2006లో నర్సుల వివేచనమును నాలుగు పనులుగా వివరించినది: గమనించుట, అర్థము చేసికొనుట, తగినట్లు ప్రవర్తించుట, తరువాత దానిని సింహావలోకనము చేసికొనుట. మొదటి మూడును పని నడుచుచుండగా జరుగునవి. నాల్గవది పని ముగిసిన పిమ్మట ఊరక కూర్చున్నప్పుడు చేయవలసినది. దానిని చేయు అలవాటే అనుభవమును జ్ఞానముగా మార్చుచున్నది.

వ్యాపారస్థుని చిట్టాలో ఏనాటి జమాఖర్చు ఆనాడు పడును. చిట్టా ఎంత పెద్దదైనను, దానిని ఖాతాలవారీగా ఎక్కించి నిలువ తేల్చనిచో లాభమో నష్టమో యజమానికి తెలియదు. నర్సు చూచిన రోగులందరును చిట్టాలోని పద్దులు. ఈ రోజున మొదట నాకేమి తోచినది, ఎందుకు తోచినది, తుదకేమి తేలినది, మరల ఇట్లే జరిగినచో ఏమి చేయవలెను అని ప్రశ్నించుకొనుటయే ఖాతాకెక్కించుట. ఆ పని చేయని వారికి పద్దులు పెరుగును గాని నిలువ తేలదు.

దీనికి ఫ్లారెన్సు నైటింగేలు జీవితముకన్న గొప్ప నిదర్శనము లేదు. ఆమె దీపమును చేతబట్టి రాత్రివేళ క్షతగాత్రుల నడుమ తిరిగిన చిత్రము అందరెరిగినదే. ఆమె జన్మముచే నర్సు కాదు. 1820లో సంపన్న కుటుంబమున జన్మించి, జర్మనీ దేశపు కైసర్‌వర్త్ అను చోట 1851లో కొన్ని మాసములు సేవావిధానము నేర్చుకొని, 1853లో లండనులో ఒక చిన్న వైద్యశాల నిర్వహణము వహించెను. 1854 నవంబరులో 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాల చేరెను. మొదట అచ్చటి వైద్యులు వీరిని దగ్గరకు రానీయలేదు. ఆమె తొందరపడక, వైద్యులు కోరువరకు వేచియుండవలెనని తనవారికి ఆజ్ఞాపించెను. క్షతగాత్రులు గుంపులు గుంపులుగా వచ్చునప్పటికి వైద్యులే వీరిని పిలిచిరి.

కాని ఆమె చరిత్రములో దీపముకన్న వెలుగు గల ఘట్ట మొకటి కలదు. 1855 తొలి మాసములలో ఆ వైద్యశాలయందు మరణములు భయంకరముగా పెరిగినవి. ఆహారలోపము, సామగ్రి లోపము, రోగులు ఆలస్యముగా చేరుట కారణములని ఆమె తలచుచుండెను. ఆ సంవత్సరము మార్చిలో బ్రిటిషు ప్రభుత్వము పంపిన పారిశుద్ధ్య సంఘము వచ్చి మురుగుకాలువలు బాగుచేయించి, గాలి వచ్చునట్లు చేయించిన పిమ్మట మరణములు బాగుగా తగ్గినవి. యుద్ధానంతరము 1856లో ఇంటికి చేరి, విలియం ఫార్ అను గణాంక శాస్త్రజ్ఞుని సహాయముతో ఆ మరణముల లెక్కలను ఆమె స్వయముగా పరిశీలించెను. గాయములకన్న మురికియు, క్రిక్కిరిసిన వార్డులును ఎక్కువమందిని చంపినవని ఆ అంకెలు చెప్పినవి. తన కనుల యెదుట జరిగినదే అయినను, తాను అప్పుడు అర్థము చేసికొన్నది చాలదని ఆమెకు తెలిసినది. లోకమంతయు దేవతయని కొనియాడుచున్న స్త్రీ ఆ లెక్కలను దాచుకొనలేదు. చిత్రపటముగా గీయించి 1858లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే లండను గణాంక శాస్త్ర సంఘమున సభ్యత్వము పొందిన మొదటి స్త్రీ యయ్యెను. 1860లో లండను సెయింట్ తామస్ వైద్యశాలలో ఆమె పేర నెలకొన్న నర్సుల పాఠశాల ఈ అనుభవముయొక్క ఫలమే. అనుభవమును లెక్కకు లోపరచి చూచుకొను ధైర్యము ఆమె యందలి అసలైన ధైర్యము.

ఆమె హిందూదేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఈ దేశపు గ్రామముల పారిశుద్ధ్యమును గూర్చి, నీటిపారుదలను గూర్చి సంవత్సరముల తరబడి కృషిచేసి, గోదావరి ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటను దొరగారితో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపెను. ఆంధ్రులు కృతజ్ఞతతో తలచుకొనదగిన బంధ మది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలకు రాజధానియైన మదరాసులో 1871లో ప్రభుత్వ వైద్యశాలయందు నర్సుల శిక్షణ మొదలయ్యెను.

అనుభవజ్ఞుల కన్ను సహితము మోసపోవచ్చునని నేటి పరిశోధనములు గూడ చెప్పుచున్నవి. ప్రసవానంతరము తల్లికి పోవు నెత్తురును కంటితో చూచి ఇంతయని అంచనా కట్టుట చాలకాలముగా నున్న ఆచారము. అర లీటరు మించినచో ప్రమాద మారంభమైనట్లు. కాని గుడ్డలలో ఇంకిన నెత్తురు కంటికి తక్కువగా కనబడును. అనుభవము గల చేతులును ఇచ్చట పొరపడుచుండును. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశములందలి 80 వైద్యశాలలలో, రెండు లక్షలకు పైగా ప్రసవములపై జరిగిన ఒక పరిశోధన 2023లో ప్రకటింపబడినది. కొలతగీతలు గల సంచిని తల్లి క్రింద పరచి నెత్తురును కొలిచి, హద్దు దాటగానే గర్భాశయమును మర్దించుట, మందులు, సెలైను, పరీక్ష - ఈ పనులన్నియు ఒకేమారు ఆరంభించిన చోట, తీవ్ర రక్తస్రావము మొదలైన పెనుప్రమాదములు వేయిమందిలో 16 మందికి కలిగినవి. పాత పద్ధతి సాగిన చోట 43 మందికి కలిగినవి. ఇది అనుభవమును తక్కువపరచు మాట కాదు. అనుభవము కొలతతో చేయి కలిపినప్పుడే పూర్ణమగునని దీని తాత్పర్యము.

కొలత యనగా నిజమైన కొలత. శ్వాసను నిండు నిమిషము లెక్కించుట విసుగైన పని. పెద్దవారికి నిమిషమునకు 12 మొదలు 20 వరకు సహజము. ఈ యంకె పెరుగుట అనేక వ్యాధులలో తొలి హెచ్చరిక. అయినను తొందరలో చూడకయే అందరికిని 20 అని వ్రాయు దురలవాటు లోకమున లేకపోలేదు. క్రొత్త నర్సు ఆ వరుసలోని అంకెలను చూచి, పెద్దలు వ్రాసినట్లే వ్రాసినచో, ఆమె నేర్చుకొనినది అనుభవము కాదు, దొంగలెక్క. పొలము చూడక వ్రాసిన అడంగలు ఎట్టిదో, శ్వాస చూడక వ్రాసిన అంకె అట్టిది. మొదటి దానివలన పన్ను తారుమారగును, రెండవదానివలన ప్రాణము.

ఇక ధైర్యమను మాటను విచారింపవలసియున్నది. ధైర్యమనగా సందేహము లేకుండుట యని తలచువారు కలరు. నర్సు వృత్తిలో సందేహము లేనితనము ప్రమాదకరము. వడకుచు నిలుచున్నదానికన్న, తెలియకయే తెలిసినట్లు సూది పట్టుకొన్నది ఎక్కువ హాని చేయును. సందేహమును సకాలమున, తగినవారికి, స్పష్టముగా చెప్పగలుగుటయే ఆమెకు ధైర్యము. దీనికి నేడు ఒక క్రమము నేర్పుచున్నారు. డాక్టరును పిలుచునప్పుడు మొదట ఇప్పుడేమి జరుగుచున్నదో చెప్పవలెను. తరువాత రోగి పూర్వ వృత్తాంతము. పిమ్మట తనకేమి తోచుచున్నదో. తుదకు ఏమి కోరుచున్నదో. అమెరికా నౌకాదళములో పుట్టిన ఈ పద్ధతి వైద్యశాలలకు వ్యాపించినది. "అయ్యా, ఎందుకో ఆ అబ్బాయి బాగులేడండి" అని పిలుచుటకును, "పగలు కడుపు ఆపరేషనైన అబ్బాయికి రెండు గంటలలో నాడి 84 నుంచి 112కు పెరిగింది, చేతులు చల్లబడ్డాయి, లోపల నెత్తురు పోతున్నదేమోనని అనుమానం, మీరు వెంటనే వచ్చి చూడాలి" అని పిలుచుటకును ఎంత భేదము! మొదటి మాటకు వైద్యుడు నిద్రలో తల యూపవచ్చును. రెండవదానికి లేచి రాక తప్పదు. అట్లు పిలువగలిగిన రాత్రియే ఆ బాలిక తన ధైర్యమును తాను గుర్తించును. తీరా వచ్చి చూడగా భయపడవలసినది లేదని తేలినను నష్టము లేదు. ఆ పిలుపును తప్పుగా నెంచని పెద్దలున్నచో ఆమె మరల పిలుచును.

ఇచ్చటనే పెద్దల బాధ్యత వచ్చుచున్నది. నూతన పరిచారిక ప్రక్కన నొక అనుభవశాలిని కొంతకాలము నియమించు పద్ధతి ఉత్తమమైనది. అట్టి పెద్దనర్సు రెండు తీరులుగా మాటాడవచ్చును. "ఈ మాత్రం తెలియదా? మూడేళ్లు ఏం చదివావు?" అన్నచో నలుగురి యెదుట ఆ బాలిక తల వంచుకొనును, తరువాత నడుగదు. అడుగనందువలన కలుగు నష్టము ఆమెకు గాదు, రోగికి. "ఏమ్మా, నీకేమనిపిస్తున్నది? ఎందుకట్లా అనిపించింది?" అన్నచో ఆమె ఆలోచించును, తప్పో ఒప్పో చెప్పును, చెప్పినది దిద్దబడును. మొదట పెద్ద చేయగా పిన్న చూచుట, తరువాత పిన్న చేయగా పెద్ద చూచుట, తుదకు పెద్ద పిలుపుదూరములో నుండగా పిన్న ఒంటరిగా చేయుట - ఇదియే క్రమము. మూడు మెట్లలో నేది యెగిరి దాటినను కాలు జారును. మూడవ మెట్టునకు ఎన్నడును ఎక్కనీయకున్నను ఆమె ఎదుగదు. బృహన్నల ఉత్తరుని చేత పగ్గములు పట్టించినది గాని, తొలినాడే గాండీవము నెత్తుమనలేదు; పగ్గములు సైతము లాగికొని ఊరకుండుమనియు అనలేదు.

కడపట గ్రామస్థుల ధర్మము. రోగివెంట పోయిన బంధువులు చిన్న వయస్సు నర్సును చూచి, "ఈ పిల్లకేం తెలుసు, పెద్ద నర్సమ్మను పిలవండి" అనుట పలుచోట్ల వినబడు మాట. ప్రేమచేతను, భయముచేతను వచ్చిన మాటయే అయినను, ఆ మాట ఆమె చేతిని మరింత వణకించును. వణకిన చేయి మీ రోగికే సూది వేయవలసియున్నది. అంతకన్న మంచి మార్గము కలదు. రోగి నెరిగినవారు బంధువులే. "మా తమ్ముడు మామూలుగా ఇట్లా ఉండడమ్మా, మధ్యాహ్నం నుంచి మాట తగ్గింది" అని నెమ్మదిగా చెప్పినచో ఆ మాట నర్సుకు సగము పరీక్ష. గమనించుట యనెడు మొదటి పనిలో బంధువు ఆమెకు రెండవ కన్ను కాగలడు. నాలుగు మారులు వచ్చి నాడి చూచుచున్న నర్సును విసుగుకొనక, ఆమె చూచుచున్నందుకే సంతసింపవలెను. చూడని నర్సునుగూర్చి మాత్రమే భయపడవలెను. తన యూరి బిడ్డ నర్సుగా మొదటి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు జీత మెంతయని అడుగువారు పదిమంది యుందురు. "మొదటి రాత్రి ఎట్లా గడిచిందమ్మా?" అని అడుగువా రొకరైనను ఉండవలెను. ఆమె చెప్పుకొనుటయే ఆమెకు ఖాతా తేల్చుకొనుట.

సభాసదులారా! ధైర్యము ఏ బాలికకును పుట్టుకతో చేతికి రాదు, పట్టాతోను రాదు. ఒక్కొక్క రోగిని శ్రద్ధగా చూచి, ప్రక్కనున్న పెద్దల నడిగి, చేసినదానిని మరల తలపోసికొన్నకొలది అది చుక్కచుక్కగా నిండును. ఆ కుండలో నీరు పోయువారు పెద్దనర్సులు, వైద్యులు, బంధువులు, గ్రామస్థులు. చిల్లు పొడుచువారును వారే కావచ్చును. ఈ గ్రంథాలయపు బల్లలకడ చదువుకొని నర్సు విద్యకు పోవు ప్రతి బాలికకును గ్రంథములు తోడై, అనుభవము గురువై, గ్రామము అండయై యుండుగాక! ఆ చేతులలో ఎవరి ప్రాణమును అశ్రద్ధవలన జారకుండుగాక! రజతోత్సవము చూచిన ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును చూచుగాక!

శాంతి రస్తు. శుభమస్తు.